మహేంద్రతనయలో పడవ పందేలా?

సంపాదకులకు,

పర్లాకిమిడిలో తెలుగు చెబుతున్నాను. 2022 నవంబరులో వచ్చిన, అడిగింది రాసిపెట్టే కృత్రిమ మేధ యంత్రం చాట్‌జీపీటీ పుణ్యమా అని ప్రశ్నపత్రం తయారీ ఇప్పుడు క్షణాల పని, కాదనను. దిద్దుబాటు మాత్రం బరువెక్కింది. ‘మా ఊరి ఏరు’ అని వ్యాసం ఇస్తే, మహేంద్రతనయ ఒడ్డున పుట్టిన పిల్లవాడు పడవ పందేలు వర్ణించుకొచ్చాడు. ఒక్క అక్షరదోషం లేదు, యంత్రం చేత రాయించాడేమోనని అక్కడే అనుమానం! “ఎండాకాలంలో మీ ఏట్లో నీళ్లెంత?” అంటే మోకాలు చూపించాడు. అదే రాయమన్నాను. ఇకపై వ్యాసాలు తరగతిలోనే, నా కళ్ల ముందే. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర గిరిజనుల నోటి మాట విని వాచకాలు రాశారు. యంత్రం ఉంది కదా అని సరిహద్దు బడుల్లో తెలుగు ఉపాధ్యాయుల పోస్టులు తగ్గించవద్దని అధికారులకు మనవి.

– ఒక తెలుగు ఉపాధ్యాయిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా