మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ అభిమానులందరికీ

అందరికీ నమస్తే. నిన్న రాత్రి గ్రూపులో కోచ్‌ని తిట్టినవాళ్లకు ఒక మాట. కోచ్ చేతిలో ఏముందండీ? 1989లో జెర్రీ జోన్స్ జట్టును కొన్నప్పటి నుంచి ఓనరూ ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. ఎవరిని తీసుకోవాలన్నా, వదులుకోవాలన్నా చివరి మాట ఆయనదే. వరుసగా రెండు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిపించిన కోచ్ జిమ్మీ జాన్సన్‌తో కూడా పొసగక 1994లో విడిపోయారు. 1996 జనవరిలో గెలిచిందే ఆఖరు, మళ్లీ ఫైనల్ మొహం చూడలేదు. వేరే ఏ జట్టులోనైనా ఇన్నేళ్లు గెలిపించని మేనేజర్‌ని ఉంచుతారా? ఇక్కడ తీసేయాల్సిన ఓనర్ కూడా ఆయనే కాబట్టి ఏదీ మారడం లేదు.

మన స్టార్ డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్ సంగతి నేనింకా మర్చిపోలేకపోతున్నాను. ఏజెంటును పక్కనపెట్టి నేరుగా కుర్రాడితోనే కాంట్రాక్టు మాట్లాడారు. అది తెగలేదు. 2025 ఆగస్టులో, సీజన్ ఇంకో వారం ఉందనగా, గ్రీన్ బే జట్టుకి పంపేశారు. ఆ రోజు మా చిన్నోడు పార్సన్స్ 11 నంబరు జెర్సీ విప్పనని అలాగే పడుకున్నాడు. పొద్దున్న వాడే మడిచి అల్మారా అడుగున పెట్టాడు. ఇంతవరకు బయటికి తీయలేదు.

అయినా జట్టు మనదే. ఆదివారం మ్యాచ్ మా ఇంట్లోనే, ఇర్వింగ్ వైపు వాళ్లు కాస్త ముందే బయల్దేరండి. పులిహోర నేను చేస్తాను.