ఈమెయిల్ రాయడం కూడా నేర్పాలి

ఇంజినీరింగ్ విద్యార్థులు అధ్యాపకులకు పంపే ఈమెయిళ్లలో విషయమేమిటో, పంపినవారెవరో తెలియకపోవడం మామూలైపోయింది. ఒక ప్రైవేటు కళాశాలలో పాఠం చెప్పే నాకు మొన్న రాత్రి పదకొండు దాటాక వచ్చిన మెయిల్‌లో సబ్జెక్టు గడి ఖాళీగా ఉంది. లోపల ‘సర్ పీఎఫ్‌ఏ’ (ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్, అంటే జతచేసిన ఫైలు చూడండి) అన్న రెండు మాటలు, ఒక ఫైలు తప్ప పేరు గానీ, హాల్‌టికెట్ నంబరు గానీ లేవు. మర్నాడు మూడు సెక్షన్లలో అడిగితే గానీ అది ఎవరి అసైన్‌మెంటో తేలలేదు. ఇది పొగరు కాదు. బడిలో సెలవు చీటీని ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి’ అంటూ పొందికగా రాసిన పిల్లలే ఇప్పుడు వాట్సాప్ ధోరణిలో మెయిల్ రాస్తున్నారు, వద్దని మనమూ చెప్పలేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన కొందరైతే ఇంగ్లిష్ తప్పులకు జంకి, ఎక్కడో దొరికిన అరపేజీ మర్యాద వాక్యాలు అతికించి, అసలు అడగవలసింది మరచిపోతున్నారు. మొదటి సంవత్సరం ఇంగ్లిష్ ల్యాబ్‌లో ఈ పాఠాన్ని నోట్సుగా చెప్పించి వదిలేయక, ప్రతి విద్యార్థి చేత తన అధ్యాపకునికి నిజంగానే మెయిల్ రాయించి, సబ్జెక్టు, సంబోధన, ఒక్క వాక్యంలో అభ్యర్థన, పేరు, నంబరు ఉన్నాయో లేదో చూసి కొన్ని ఇంటర్నల్ మార్కులు వేయాలి. స్పష్టంగా తెలుగులో రాసినా అధ్యాపకులు స్వీకరించాలి.

– ఒక అధ్యాపకుడు, గుంటూరు