శీనూకి, మేనర్ నడిపే ముందు

ఒరేయ్ శీనూ,

మీ తొమ్మిదో తరగతి పిల్లలతో మధ్యయుగపు ఇంగ్లండ్ మేనర్ (ఒక ప్రభువు కింద నడిచే ఊరూ పొలాలూ) ఆటగా ఆడిస్తానన్నావు, భలే సంతోషమేసింది. కానీ నువ్వు పంపిన లిస్టేమిట్రా! అట్టకోట, కాగితం కిరీటాలు, చెక్క కత్తులు... యానివర్సరీ డే అనుకున్నావా? వాటికి పెట్టే డబ్బుతో రెండు కిలోల చింతపిక్కలు కొను. మేనర్ కథంతా గింజల లెక్కలోనే ఉంది.

ముందు గ్రౌండులో ముగ్గుపిండితో మూడు పొలాలు గీయించు. ఒక దాంట్లో గోధుమ, ఒక దాంట్లో బార్లీయో బఠాణీయో, మూడోది బీడు. ఏటేటా వంతు మారుతుంది. ఒక్కో పొలంలో సన్నటి పొడుగు చెక్కలు, అంటే భూమి ముక్కలు, ఉండాలి. ఎకరం చెక్క అంటే 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు. గజానికి అంగుళం చొప్పున గీస్తే 18 అడుగుల పైచిలుకు పొడవొస్తుంది, సరిగ్గా సరిపోతుంది. అంత పొడుగెందుకని అడుగుతారు. ఎనిమిది ఎద్దులు కట్టిన నాగలిని మాటిమాటికీ తిప్పడం నరకం కదా, అందుకు. ఎనిమిది ఎద్దులు ఏ ఒక్క ఇంట్లోనూ ఉండవు కాబట్టి నలుగురూ కలిపి కట్టాల్సిందే. కలవనివాడి చెక్క దున్నకుండా పడి ఉంటుంది.

చెక్కలు చీటీలేసి పంచు. "మావన్నీ ఒకేచోట ఇవ్వండి సార్" అని తప్పకుండా గొడవ చేస్తారు. "సరే, ఆ పొలం బీడు పడ్డ ఏడు ఏం తింటావు?" అని అడిగి ఊరుకో. కాసేపటికి వాళ్లే దారికొస్తారు.

ఇక లెక్క. ఆ రోజుల్లో ఒక గింజ చల్లితే మూడో నాలుగో వచ్చేవి, అంతే. 10 చల్లితే 40 వచ్చాయనుకో. దశమభాగం 4 చర్చికి, పై ఏటి విత్తనానికి 10 పక్కన పెడితే తిండికి 26 మిగులుతాయి. పిండి మర ప్రభువుదే కాబట్టి అక్కడా కొంత పోతుంది. ఇప్పుడు పాచిక వేసి 20 మాత్రమే వచ్చాయని చెప్పు. చర్చికి 2, విత్తనానికి 10, తిండికి 8. పంట సగానికి పడితే తిండి మూడో వంతు కూడా మిగల్లేదు! ఆకలేసి విత్తనం పిక్కలు ముట్టుకుంటారు చూడు, అప్పుడు చెప్పు 1315 నుంచి 1317 దాకా వరుస వానలతో పడ్డ మహా కరువు గురించి. విడిగా పాఠం చెప్పనక్కర్లేదు.

వారానికి రెండు మూడు రోజులు సెర్ఫులు (ప్రభువు భూమికి కట్టుబడ్డ రైతులు) ప్రభువు పొలంలో పని చేయాలి. కోత రోజుల్లో అదనం. పిల్లలు వెంటనే "వెట్టి" అంటారు. పోల్చనీ, కానీ తేడా కూడా చెప్పు. అక్కడ ఆ పని తన చెక్కలకు కట్టే శిస్తు లాంటిది, ఎన్ని రోజులన్నది ఊరి ఆచారం ప్రకారం నడిచేది. తెలంగాణలో వెట్టి భూమి లేని చేతివృత్తులవాళ్ల మీద కూడా పడింది. అలాగని సెర్ఫుది సుఖమైన బతుకేం కాదు. ప్రభువు ఒప్పుకోకుండా ఊరు దాటలేడు, కూతురి పెళ్లికీ రుసుము కట్టాలి, తను చచ్చిపోతే ఇంట్లోని మేలైన పశువును ప్రభువు తోలుకుపోతాడు.

ప్రభువు వేషం కోసం అందరూ ఎగబడతారు. నా దృష్టిలో గట్టి పాత్ర మాత్రం ప్రభువు తరఫున పొలం పనులు చూసే రీవ్‌దే. అతనూ సెర్ఫే, చాలా ఊళ్లలో తోటి రైతులే ఎన్నుకునేవాళ్లు. పని చేయించాలి, ఏడాది చివర లెక్క ఒప్పజెప్పాలి, తరుగొస్తే తన జేబులోంచి కట్టాలి. ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీకి కక్సమ్ అనే మేనర్ ఉండేది. అక్కడ రాబర్ట్ ఓల్డ్‌మన్ అనే ఆయన 1311 నుంచి 1349 దాకా రీవ్‌గా చేశాడంటే ఎంత ఓపికో చూడు! మీ క్లాసులో అల్లరివాడికి కాక, ఇటు స్నేహితులకీ అటు టీచర్లకీ మధ్య నలిగేవాడికి ఇవ్వు ఆ పని.

కోర్టు మర్చిపోకు. పక్కవాడి చెక్కలోకి జానెడు దున్నినా, పశువును పంటలోకి వదిలినా జ్యూరీ కూర్చోవాలి. జ్యూరీ అంటే వాళ్లలో వాళ్లే, జరిమానా మాత్రం ప్రభువు పెట్టెలోకి. బీరు కాచే ఆడవాళ్లకు కోర్టు కోర్టుకీ జరిమానా పడేది, అదొక లైసెన్సు ఫీజులాగా తయారైంది. ఇదంతా పాతకథేలే అంటారేమో, నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ ఊరు చూపించు. అక్కడ ఇప్పటికీ ఉమ్మడి పొలాలను వంతులవారీగా సాగు చేస్తున్నారు, జ్యూరీ పొలం తిరిగి చూస్తుంది, కోర్టు జరిమానా వేస్తుంది. 1635లో గీసిన ఆ ఊరి పటం కూడా ఉంది.

చివరి రౌండు 1348 ప్లేగుతో ఆడించు. చీటీలు తీయించి మూడో వంతు మందిని పక్కన కూర్చోబెట్టు. పొలాలు అవే, చేసే చేతులు లేవు. మిగిలినవాళ్లు కూలి పెంచమంటారు, నువ్వు 1351 చట్టం చదివి పాత కూలికే చేయాలను. ఆ కేకలకు హెడ్‌మాస్టరు పరిగెత్తుకొస్తారు, ముందే చెప్పి ఉంచు. 1381 రైతుల తిరుగుబాటు ఎందుకొచ్చిందో ఆ తర్వాత వాళ్లచేతే రాయించు.

ఒక్క పీరియడ్‌లో అవదురా, లెక్కల టీచర్ని బతిమాలి ఆయన పీరియడ్ కూడా లాక్కో. రీవ్‌గా ఎవరు గెలిచారో వెంటనే ఫోన్ చెయ్. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ,
గోపి