పెద్ద పండక్కి షిప్ ఎక్కుదామనుకున్నాం

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం పేజీలో క్రూయిజ్ టూర్ల గురించి రాశారు కదండీ, కోవిడ్ వ్యాక్సిన్ రెండు డోసులు వేసుకుని ఆర్టీపీసీఆర్ నెగిటివ్ కాగితం పట్టుకెళ్తే చాలు ఫ్యామిలీ అంతా హాయిగా తిరిగి రావచ్చు అని, పైన పెద్ద ఫొటో, నీలం సముద్రం, తెల్ల షిప్పు, రెయిలింగ్ పట్టుకుని నవ్వుతున్న ఇద్దరు పిల్లలు. అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే సరిగ్గా అలాంటి ఫొటో చూసే మేమూ టికెట్లు బుక్ చేసుకున్నాం.

మాది శ్రీకాకుళం, నా పుట్టిల్లు ఉద్దానంలో కవిటి వైపు. నవంబర్ లో దీపావళి అయ్యాక కేసులు బాగా తగ్గాయి, రెండేళ్ళ నుంచి పిల్లలు ఫోన్ లో క్లాసులు వినీ వినీ చిరాకెత్తిపోయి ఉన్నారు, మా ఆయనకి పెద్ద పండక్కి నాలుగు రోజులు సెలవు కలిసొచ్చింది, సరే ముంబై నుంచి గోవా వెళ్ళొచ్చే షిప్ ఎక్కుదాం అన్నాను. ఆయన అరకు చాలదా అన్నారు, నేనే పట్టు పట్టాను. ఆమదాలవలస స్టేషన్ నుంచి కోణార్క్ లో రానూ పోనూ టికెట్లు, షిప్ లో నలుగురికి ఒక క్యాబిన్, అన్నీ కలిపి లక్ష దాటింది. విశాఖలో ఒక ఏజెంట్ దగ్గర చేశాం. "ఏం కాదు మేడం, షిప్ లో అందరూ టెస్ట్ చేయించుకున్నవాళ్ళే ఉంటారు, మీ వీధి కంటే సేఫ్" అన్నాడు. నాకూ అదే వినాలని ఉంది కాబట్టి విన్నాను.

మా ఇంట్లో ఈ మాట నమ్మనివాడు ఒక్కడే, మా తమ్ముడు. వాడు క్రూయిజ్ షిప్ లో క్యాబిన్లు సర్దే పని చేస్తాడు. మా ఉద్దానం కుర్రాళ్ళు షిప్పుల్లో పని చెయ్యడం కొత్త కాదు, మా తాతల కాలంలో రంగం, అదే రంగూన్, వెళ్ళేవారు, ఇప్పుడు సీడీసీ అని షిప్ లో పని చేసేవాళ్ళకిచ్చే పుస్తకం తీసుకుని షిప్ ఎక్కుతున్నారు, అంతే తేడా. కాంట్రాక్ట్ అయిపోయి అక్టోబర్ లో సైన్ ఆఫ్ అయ్యి ఇంటికొచ్చాడు, అప్పటికి ఖాళీగా ఉన్నాడు. నేను టికెట్లు చూపిస్తే "ఓలప్పా, నీకేటైనా పిచ్చెక్కిందేటి" అన్నాడు. కుళ్ళుకుంటున్నాడు అనుకున్నాను, నిజంగానే.

2020 మార్చిలో వాడి షిప్ లో ప్యాసింజర్లని దింపేశారు, పని చేసేవాళ్ళని దించుకోడానికి మాత్రం ఏ దేశమూ ఒప్పుకోలేదు, ఇక్కడ మనకి బయట దేశాల విమానాలే ఆగిపోయాయి. మనీలా దగ్గర లంగరేసి ఉంచారు. చుట్టూ అలాంటి క్రూయిజ్ షిప్పులే, అన్నీ ఖాళీ, రాత్రయితే లైట్లు పెట్టుకుని ఊళ్ళో తీర్థంలా కనిపించేవట. మా అమ్మ రోజూ వీడియో కాల్ చేసేది. తలుపు కొట్టి అన్నం ప్లేటు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతారు, మనిషి మొహం కనబడదు, ఆ ప్లేటు కెమెరాకి చూపించి ఇదిగో తింటున్నా అనేవాడు. జూలైలో గాని ఇల్లు చేరలేదు. అదే మా బారువ వైపు చేపల వాళ్ళయితే గుజరాత్ లో వీరావల్ రేవులో పడవల మీదే ఇరుక్కుపోయారు లాక్ డౌన్ లో, వేల మందిని బస్సుల్లో తీసుకొచ్చారు, అది మీ పేపర్ లోనే చదివాం. వాళ్ళు కూటి కోసం వెళ్ళి ఇరుక్కున్నారు, మేము డబ్బు కట్టి మరీ వెళ్దామనుకున్నాం.

వాడు చెప్పిన ఇంకో మాట. పని చేసేవాళ్ళ క్యాబిన్లు నీటి మట్టానికి కింద ఉంటాయిట, ఇద్దరికి ఒకటి, ఒకరి మీద ఒకరికి బంకు, కిటికీ ఉండదు. "పైనోళ్ళకి సముద్రం అప్పా, కిందున్న మాకు ఇనుం" అన్నాడు. జపాన్ లో యోకోహామా దగ్గర ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ గుర్తుందా అని అడిగాడు. హాంకాంగ్ లో దిగిపోయిన ఒక్క ముసలాయనకి పాజిటివ్ అని 2020 ఫిబ్రవరి 1న తేలింది, ఆ తర్వాత షిప్ ని ఆపి ప్యాసింజర్లని 14 రోజులు గదుల్లోంచి కదలొద్దన్నారు. మొత్తం 3711 మందిలో 712 మందికి వచ్చింది. ప్యాసింజర్లు గదుల్లో ఉంటే మరి వాళ్ళకి భోజనాలు మోసిందెవరు, వండిందెవరు, రాత్రికి ఇద్దరేసి ఒకే గదిలో పడుకుని ఒకే మెస్ లో తిన్నదెవరు? అందులో మన ఇండియా వాళ్ళు 138 మంది ఉంటే ప్యాసింజర్లు ఆరుగురే, మిగిలిన 132 మంది పని చేసేవాళ్ళు. ఈ లెక్క నాకు అప్పటిదాకా తెలీదు, తెలిశాక కూడా, సిగ్గు లేకుండా చెప్తున్నాను, టికెట్ క్యాన్సిల్ చెయ్యలేదు. అది వ్యాక్సిన్ రాకముందు సంగతి కదరా అన్నాను.

సరే ఇక కాగితం సంగతి. రాష్ట్రంలో ఈ కొత్త రకం కోవిడ్, ఒమిక్రాన్, మొదటి కేసు ఎక్కడ తేలిందండీ, మన పక్కన విజయనగరంలోనే కదా, డిసెంబర్ లో. ఐర్లాండ్ నుంచి వచ్చిన ఆయనకి ముంబై ఎయిర్ పోర్టులో టెస్ట్ చేస్తే నెగిటివ్, విశాఖ వచ్చి విజయనగరం వెళ్ళాక మళ్ళీ చేస్తే పాజిటివ్. ఆయన తప్పేం లేదు, లక్షణాలు కూడా లేవన్నారు. మరి ఆ నెగిటివ్ కాగితమే కదా షిప్ మెట్ల దగ్గర మనం చూపించేది. నెగిటివ్ కాగితం అంటే ఆ పూట దొరకలేదు అని అర్థం, మనలో లేదు అని కాదు. ఆ తర్వాత జనవరి 3న ముంబై నుంచి గోవా వెళ్ళిన షిప్ లో దాదాపు రెండు వేల మందికి టెస్ట్ చేస్తే 66 మందికి పాజిటివ్ అని వార్త, అందరూ కాగితం చూపించి ఎక్కినవాళ్ళే. గోవాలో దిగనివ్వకుండా వెనక్కి పంపేశారు. ఆ వార్త చదివి కూడా నేను కాలిక్యులేటర్ తీశాను, రెండు వేలలో 66 అంటే వందకి ముగ్గురే కదా అని. పట్టుదల మనిషి చేత ఎన్ని లెక్కలైనా చేయిస్తుంది.

నా మనసు మారింది జనవరి 5, బుధవారం. మా నాన్నకి కిడ్నీ జబ్బు, ఉద్దానంలో ఇంటికొకరు అన్నట్టుంటుంది మా పరిస్థితి, మీకు చెప్పక్కర్లేదు. వారానికి మూడు రోజులు సోమ బుధ శుక్ర సోంపేటలో డయాలసిస్. రోజూ తమ్ముడు తీసుకెళ్తాడు, ఆ రోజు వాడికి వేరే పని పడి నేను వెళ్ళాను. నాలుగు గంటలు పడుతుంది. నాన్న చేతికి ఫిస్టులా ఉంటుంది, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, దాని మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుయ్ మంటుంది. ముందు బరువు చూస్తారు, నిన్నా మొన్నా ఎన్ని నీళ్ళు తాగాడో బరువే చెప్పేస్తుంది, నాన్న దొంగతనంగా ఒక గ్లాసు ఎక్కువ తాగితే దొరికిపోతాడు పాపం. మంచాలు పక్కపక్కనే, ఈయన చెయ్యి చాపితే పక్కాయన మంచం తగులుతుంది. అందరూ యాభై దాటినవాళ్ళు కూడా కాదు, మా తమ్ముడి ఈడు వాళ్ళూ ఉన్నారు. సిస్టర్ వచ్చి గొట్టాలు పెడుతూ మామూలుగా అడిగింది, "ఇంట్లో ఎవరైనా ఊళ్ళెళ్ళి వచ్చారా ఈ వారంలో" అని. లేదమ్మా అన్నాను. నాన్న నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆయన అంతకు ముందే "ఎల్లొచ్చీండమ్మా, నాకేటవుద్ది" అనేశాడు కాబట్టి ఇంకేం అంటాడు.

నేను అక్కడ స్టూలు మీద కూర్చుని మిషన్ చూస్తూ ఆలోచించాను, పండగ వెళ్ళిన వారం ఇదే సిస్టర్ ఇదే మాట అడిగితే ఏం చెప్పాలి. వెళ్ళొచ్చాం అంటే నాన్నని విడిగా పెట్టాలి, ఆ రోజు మిషన్ దొరకదేమో, డయాలసిస్ అయితే ఆగడానికి లేదు. వెళ్ళలేదు అంటే ఆ గదిలో ఉన్న వాళ్ళందరి మంచాల మధ్యకీ నా అబద్ధాన్ని పంపినట్టే. ఇంటికొచ్చి ఏజెంట్ కి ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి రాదు మేడం, కావాలంటే డేట్ మార్చుకోండి అన్నాడు, రైలు టికెట్లు మాత్రం కొంత కోసుకుని ఇచ్చారు.

మీరు అనొచ్చు, షిప్ లోనే వస్తుందా, పెళ్ళిళ్ళలో రాదా, పండగ బస్సుల్లో రాదా అని. వస్తుంది, నేను కాదనను, మొన్న పండగ రద్దీలో బస్సు కాంప్లెక్స్ లో మాస్కు గెడ్డం మీద పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ, నైట్ కర్ఫ్యూ కూడా పండగ వెళ్ళాకే 18 నుంచి పెట్టారు. కానీ బస్సులో పక్కాయన అదేపనిగా దగ్గుతుంటే సింగుపురం దగ్గర ఆపండి బాబూ అని దిగిపోతాం. షిప్ లో ఎక్కడ దిగుతాం? 2020లో వెస్టర్ డామ్ అని ఒక షిప్ ని ఐదు చోట్ల రేవులోకి రానివ్వలేదు, చివరికి కంబోడియా వాళ్ళు సరే అన్నారు. క్వారంటైన్ అన్న మాటే ఓడల దగ్గర పుట్టిందట, పూర్వం వెనిస్ లో తెగులు భయంతో ఓడల్ని నలభై రోజులు బయటే ఆపేవారు, ఆ నలభై అన్న మాటే ఇది. పైగా మా పెద్దవాడికి 16 కాబట్టి ఈ నెలలో మొదటి డోసు పడింది, చిన్నదానికి తొమ్మిదేళ్ళు, దానికి వ్యాక్సినే లేదు. ఇంటి పెద్దలకి రెండు డోసులు ఉంటే ఫ్యామిలీ మొత్తానికి ఉన్నట్టా?

షిప్పులు ఆపెయ్యమని నేను అనట్లేదు. అలా అనడానికి నాకు నోరు రాదు, అవి ఆగిపోతే మా వైపు ఎన్ని ఇళ్ళల్లో ఈఎంఐలు ఆగిపోతాయో నాకు తెలుసు. మా తమ్ముడికే జాయినింగ్ వచ్చేసింది, ఫిబ్రవరిలో వెళ్తాడు, అమ్మ సున్నుండలు చుడుతోంది. నిన్న మా చిన్నది "మావయ్యా ఈసారైనా నీ రూముకి కిటికీ ఇస్తారా" అని అడిగితే వాడు నవ్వేసి బ్యాగు జిప్పు లాక్కున్నాడు.

నేను అడిగేది మిమ్మల్నే. అలాంటి పేజీ మళ్ళీ వేసేటప్పుడు ఫొటో కింద నాలుగు లైన్లు ఎక్కువ రాయండి. మధ్యలో ఒకరికి పాజిటివ్ వస్తే షిప్ లో ఎక్కడ పెడతారు, చిన్న పిల్లకి వస్తే తల్లిని తోడు ఉండనిస్తారా, ఏ రేవులో దింపుతారు, ఆ హోటల్ ఖర్చు, ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ లో కోవిడ్ ఉందా లేదా, క్యాన్సిల్ చేస్తే డబ్బు ఏమవుతుంది. షిప్ లో పని చేసేవాళ్ళకి ఎన్ని రోజులకోసారి టెస్ట్ చేస్తారు, వాళ్ళకి జ్వరం వస్తే విడిగా గది ఉందా అన్నది కూడా. ఇవి మా ఏజెంట్ ని అడిగితే ఒక్కదానికీ జవాబు రాలేదు, మీరు అడిగితే కంపెనీల వాళ్ళు చెప్తారు.

పండక్కి చివరికి బారువ బీచ్ కి వెళ్ళాం, కనుమ రోజు, రెండు క్యారియర్లలో పులిహోర, గారెలు పెట్టుకుని. మా చిన్నది అరగంట అలిగింది, ఇది షిప్ లేని సముద్రం అంది. భోగి శుక్రవారం పడింది కాబట్టి నాన్న ఆ రోజు మంట దగ్గర ఐదు నిమిషాలు నిలబడి సోంపేట వెళ్ళిపోయాడు. ఏజెంట్ ఇచ్చిన గడువు మార్చి ఆఖరు దాకా ఉంది, ఆలోగా కొత్త డేట్ చెప్పకపోతే అదీ పోతుందన్నాడు. పిల్లలు రోజూ అడుగుతున్నారు, నాకు కూడా ఆ లక్ష మీద ఆశ చావలేదు. పై ప్రశ్నలకి మీ పేపర్ లో ఆలోగా ఏమైనా వస్తుందేమో అని చూస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
శ్రీకాకుళం, జనవరి 2022