డయాలసిస్‌కు దాతల కోసం ఎదురుచూడాలా?

సంపాదకునికి,

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు బాధితుల సంగతి స్వచ్ఛంద సంస్థలు చూసుకుంటాయి, ప్రభుత్వానికి ఈ భారం ఎందుకనే వాదనను నేను ఒప్పుకోలేను.

డయాలసిస్ ఒకసారి చేయించి ఊరుకునే చికిత్స కాదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల పాటు యంత్రం పక్కన పడుకోవాలి. కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప జీవితాంతం ఇంతే. కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి వచ్చేవారిలో కొబ్బరి, జీడి తోటల్లో కూలికి వెళ్లి బతికినవారు ఎందరో. చికిత్స రోజున రోగి కూలీ పోతుంది, తోడు వచ్చిన మనిషి కూలీ కూడా పోతుంది. దాత ఈ ఏడాది ఇస్తాడు, వచ్చే ఏడాది ఇవ్వలేకపోవచ్చు. అందులో అతని తప్పేమీ లేదు. రోగి మాత్రం ఒక్క వారం కూడా ఆగలేడు.

దాతృత్వాన్ని తక్కువ చేయడం లేదు. 1990లలో అనంతపురం జిల్లాలో సత్యసాయి ట్రస్టు వందల గ్రామాలకు తాగునీరు తెచ్చింది. ఆ చొరవకు చేతులెత్తి మొక్కాలి. అయితే అంతటి పథకాన్ని ఏళ్ల తరబడి నడపాలంటే ప్రభుత్వ బడ్జెట్టే దిక్కు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. వీటికోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు, అదే వీటి విలువ. పలాస ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) పోస్టు ఒక్కటి కూడా ఖాళీగా ఉండకుండా ప్రభుత్వం చూడాలి. సేవాసంస్థలు రోగుల రాకపోకలకు వాహనాలు, తోడు వచ్చినవారికి మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేస్తే ఎంతో మేలు.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం