బొమ్మల కథల్లో ఒంటరి పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఈ సెలవుల్లో ‘హే, కిడ్డో’ అనే ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం చదివింది. అమెరికా రచయిత జారెట్ క్రొజాస్కా తన బాల్యాన్నే గీసి 2018లో తెచ్చిన పుస్తకం అది. తల్లి హెరాయిన్‌కు బానిస. పిల్లాణ్ణి పెంచింది అమ్మమ్మ, తాతయ్య. తల్లి రాసిన అసలు ఉత్తరాలు కూడా అందులో అచ్చువేశారు. ఆ పేజీల దగ్గర నేనూ చాలాసేపు ఆగిపోయాను.

పుస్తకం మూశాక మా అమ్మాయి తన క్లాస్‌మేట్ గురించి చెప్పింది. అమ్మానాన్నలు పనికోసం ముంబై వెళ్తే ఆ పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటోందట. పేరెంట్స్ మీటింగ్ అంటే చాలు, టెన్షన్‌తో బడి మానేస్తుందట. ఇన్నాళ్లూ మాకు ఆ సంగతే తెలియదు.

పాలమూరు వలస ఇళ్లలో, హాస్టళ్లలో ఇలాంటి పిల్లలు ఎందరో! వాళ్ల కథ వాళ్ల భాషలో, బొమ్మలతో రావాలి. తాగుడు, విడాకులు పిల్లలకు చెప్పకూడదంటారు కొందరు. ఆ ఇళ్లలో ఉన్న పిల్లలకు అవి రోజూ కనిపించేవే కదా. మన చిత్రకారులు, ప్రచురణకర్తలు పూనుకోవాలి. మీ ఆదివారం అనుబంధంలో అలాంటి బొమ్మల సీరియల్ ఒకటి మొదలుపెట్టమని నా మనవి.

– ఒక తల్లి, మహబూబ్‌నగర్