దహబ్ ట్రిప్ ప్లాన్ మార్చాం, ఎందుకో మొత్తం చెప్తా

అందరికీ నమస్తే. దీపావళి తర్వాత వైజాగ్ నుంచి వెళ్దామనుకున్న దహబ్ స్కూబా డైవింగ్ ట్రిప్‌కి పేర్లు ఇచ్చిన వాళ్ళకి, ఇంకా ఇద్దామా వద్దా అని ఊగుతున్న వాళ్ళకి కూడా ఈ అప్‌డేట్. వాట్సాప్‌లో ఒక్కొక్కరికి విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా, కాస్త పెద్దదే.

అసలు విషయం ముందే చెప్పేస్తా. ఐదు రోజుల ప్యాకేజీ తీసేశాం, ఇప్పుడు తొమ్మిది రోజులు. కైరో, పిరమిడ్లు ఇందులో ఉండవు. రేటు కూడా పెరుగుద్ది. వద్దనుకున్న వాళ్ళకి అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం, మొహమాటపడకుండా చెప్పండి.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. దహబ్ ఈజిప్టులో, సినాయ్ ద్వీపకల్పం తూర్పు ఒడ్డున, అకాబా గల్ఫ్ మీద ఉన్న చిన్న ఊరు. వెనకాల ఒక్క చెట్టు లేని రాతి కొండలు, ఎడారి, ముందు సముద్రం, మధ్యలో ఉన్న కాస్త జాగాలోనే హోటళ్ళు, డైవ్ సెంటర్లు. షర్మ్ ఎల్ షేక్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి రోడ్డు మీద గంటా గంటన్నర వెళ్ళాలి. ఎడారి పక్కన డైవింగ్ ఏంటి అనుకోకండి, నీళ్ళు అంత క్లియర్‌గా ఉండడానికి కారణం ఆ ఎడారే, వానల్లేవు, ఎర్ర సముద్రంలో వచ్చి కలిసే నది ఒక్కటీ లేదు, బురద ఎక్కడినుంచి వస్తాది? మన రుషికొండలో, మంగమారిపేటలో దిగినవాళ్ళకి తెలుసు కదా, వానాకాలం అయితే చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. అక్కడ ఇరవై ముప్పై మీటర్ల దూరం కనపడడం మామూలే. ఇంకోటి, దహబ్‌లో ఎక్కువ డైవ్‌లకి బోటే అక్కర్లేదు, సిలిండర్ తగిలించుకుని ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగిపోవడమే, బోటెక్కగానే వాంతులయ్యే మన బ్యాచ్‌కి ఇది పెద్ద రిలీఫ్ (ఎవరో వాళ్ళకే తెలుసు).

ఇప్పుడు రోజులు ఎందుకు పెరిగాయో చెప్తా, ఎందుకంటే అందరూ గొడవ పడుతున్నది దీని మీదే. చాలామంది అడిగింది ఏంటంటే పొద్దున్న రెండు డైవ్‌లు చేసేసి, అదే రాత్రి సినాయ్ కొండెక్కి సూర్యోదయం చూసేసి, దిగొచ్చి ఫ్లైట్ ఎక్కేస్తే ఐదు రోజుల్లో అయిపోద్ది కదండీ అని. కుదరదు. ట్రావెల్ వాళ్ళు కావాలని రోజులు సాగదీస్తున్నారు అనుకోకండి. నీళ్ళ కింద పది మీటర్లు దిగితే మన మీద ప్రెజర్ రెట్టింపవుద్ది, ఆ ప్రెజర్‌లో పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో ఎక్కువగా కరుగుద్ది, పైకొచ్చాక అది మెల్లగా గంటల తరబడి బయటకి పోవాలి. అది పోకముందే ఇంకా ఎత్తుకి, అంటే గాలి ప్రెజర్ ఇంకా తక్కువున్న చోటికి పోయామనుకోండి, గోలీ సోడా కొట్టినప్పుడు బుడగలు లేచినట్టు లోపల బుడగలు లేస్తాయి. దాన్నే బెండ్స్ అంటారు. కీళ్ళ నొప్పులతో పోతే అదృష్టం, వెన్నుపాములో లేస్తే కాళ్ళు పడిపోతాయి.

విమానం సంగతి అందరికీ తెలుసు, కొండ సంగతి ఎవరూ ఆలోచించరు. సినాయ్ కొండ 2,285 మీటర్లు. విమానం క్యాబిన్‌లో మెయింటెయిన్ చేసే ప్రెజర్ ఎక్కువలో ఎక్కువ 2,400 మీటర్ల ఎత్తుకి సమానం. అంటే ఆ కొండ మీద నిలబడ్డం, ఫ్లైట్‌లో కూర్చోవడం మీ ఒంటికి దాదాపు ఒకటే. డైవర్ల సేఫ్టీ చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్ళ గైడ్‌లైన్ ప్రకారం ఫ్లైట్ ఎక్కే ముందు ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, రోజూ చేస్తూ పోతే కనీసం 18 గంటలు ఆగాలి, మేం 24 పెట్టుకున్నాం. ఆ గైడ్‌లైన్ దాదాపు 600 మీటర్ల ఎత్తు నుంచే మొదలవుద్ది, కాబట్టి ఆదివారం పొద్దున్న రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం భోంచేసి అరకు బయల్దేరే బ్యాచ్, ఇది మీక్కూడా. అరకు 900 మీటర్లు, దారిలో గాలికొండ దగ్గర ఇంకా ఎత్తు. పొద్దున్న అరకు చూసుకొచ్చి మర్నాడు డైవ్ చేయండి, ఏ బాధా లేదు.

అందుకే ఆర్డర్ తిప్పేశాం. వెళ్ళగానే ఒక రోజు రెస్ట్, రెండో రాత్రి సినాయ్ కొండ, తర్వాత రోజంతా పడుకోవడం, ఆ తర్వాత నాలుగు రోజులు డైవింగ్, చివర్లో ఒక రోజు పూర్తిగా ఖాళీ, ఆ రోజు స్నార్కెలింగ్ (సిలిండర్ లేకుండా పైపైన ఈదడం) చేసుకోండి, బజార్ తిరగండి, సిలిండర్ మాత్రం ముట్టుకోనివ్వం. కొండకి ఒంటెల దారి ఉంది గానీ చివరి 750 మెట్లు మాత్రం ఎవరైనా కాళ్ళతోనే ఎక్కాలి, సింహాచలం మెట్లు ఎక్కే అలవాటున్నవాళ్ళకి భయం లేదు కానీ పైన చలి మన వైజాగ్ వాళ్ళు ఊహించలేనంత ఉంటాది, ఎడారి కదా వేడిగా ఉంటదని టీషర్ట్‌తో వచ్చేయకండి.

డైవింగ్ సర్టిఫికెట్ లేనివాళ్ళు అక్కడికెళ్ళి నేర్చుకుంటాం అంటున్నారు. నేర్చుకోవచ్చు, కానీ అంత ఖర్చు పెట్టి వెళ్ళి సగం రోజులు క్లాసులో, పూల్‌లో కూర్చోవడం నాకైతే వేస్ట్ అనిపిస్తది, థియరీ, పూల్ ఇక్కడే పూర్తి చేసుకుని రండి. ఆస్తమా, గుండె, చెవి సమస్యలు ఏమున్నా మెడికల్ ఫామ్‌లో నిజం రాయండి, డాక్టర్ సంతకం కావాలంటే మన ఊళ్ళోనే చేయించుకోవడం సుఖం. ఆ నీళ్ళు మన బంగాళాఖాతం కంటే బాగా ఉప్పన, ఒళ్ళు ఎక్కువ తేలుద్ది, కాబట్టి మునగడానికి ఇక్కడ వేసుకునే వెయిట్లు అక్కడ సరిపోవు, మొదటి డైవ్ చెకింగ్‌కే పోద్ది.

దహబ్ బ్లూ హోల్ గురించి. సముద్రంలో వంద మీటర్ల లోతు గొయ్యి, ఒడ్డుకి ఆనుకునే ఉంటాది. పైన ఈదుకుంటూ అంచు వెంబడి పగడాలు చూడ్డం అందరూ చేయొచ్చు. కానీ 50 మీటర్ల లోతు దాటాక ఒక రాతి ఆర్చ్ ఉంది, దాన్ని దాటాలని పోయి చనిపోయినవాళ్ళ పేర్లు ఒడ్డున కొండరాయికి పలకలు బిగించి ఉంటాయి. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేసినవాళ్ళకి లిమిట్ 18 మీటర్లు, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు వాళ్ళకి 30, సరదాకి దిగే (రిక్రియేషనల్) డైవర్‌కి ఎంత అనుభవమున్నా 40. రీల్ కోసం ఆర్చ్ అంటున్న తమ్ముళ్ళూ, మాతో రాకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

థిస్టిల్‌గార్మ్ మునిగిన ఓడ కూడా ఉంది, 1941 అక్టోబర్‌లో జర్మన్ విమానాలు ముంచిన బ్రిటిష్ సరుకు ఓడ, లోపల మోటార్‌సైకిళ్ళు, ట్రక్కులు ఇంకా అలాగే ఉన్నాయి. కానీ 30 మీటర్ల లోతు, నీళ్ళ లాగుడు (కరెంట్) గట్టిగా ఉంటాది, అడ్వాన్స్‌డ్ వాళ్ళకి మాత్రమే, షర్మ్ నుంచి బోటు, ఖర్చు విడిగా. మనకీ వైజాగ్ దగ్గర మునిగిన ఘాజీ సబ్‌మెరైన్ ఉంది కదా అక్కడ దింపొచ్చుగా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, బాబూ అది టూరిస్టులు దిగే చోటు కాదు.

రేటు ఇప్పుడు ఫైనల్ చెప్పలేను. అక్కడి డైవ్ సెంటర్లు యూరోల్లో చెప్తాయి, వైజాగ్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, గల్ఫ్ మీదుగా మారాలి, టికెట్లు లాక్ అయిన రోజే నెంబర్ ఇస్తా, అది మీకు నచ్చకపోతే అప్పుడు కూడా తప్పుకోవచ్చు. వార్తలు చూసి ఇంట్లో అమ్మావాళ్ళు కంగారు పడుతున్నారన్నారు, న్యాయమే. గొడవల పేరున్నది నార్త్ సినాయ్, దహబ్ ఉన్నది సౌత్ సినాయ్, అయినా టికెట్ కొట్టే ముందు మన ఎంబసీ అడ్వైజరీ చూశాకే ముందుకెళ్తాం, వద్దని ఉంటే ట్రిప్ వాయిదా, అంతే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు స్కూబా కవర్ అవుద్దో లేదో, ఎంత లోతు వరకో చూసి తీసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో ఉండదు.

శాకాహారులకి తిండి బాధ లేదు, కొషరీ అని అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు, టమాటా సాస్ వేసి ఇస్తారు, కడుపు నిండిపోద్ది. ఆవకాయ తెచ్చుకోండి, ఒకటికి రెండు కవర్లు వేసి లగేజీలో పెట్టండి. డ్రోన్ మాత్రం తేవద్దు, పర్మిషన్ లేకుండా ఈజిప్టులోకి రానివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లోనే లాగేసుకుంటారు.

పాస్‌పోర్ట్‌కి ట్రిప్ తేదీ నుంచి ఆరు నెలల వాలిడిటీ లేనివాళ్ళు ముందు ఆ పని చూడండి. ఉన్నవాళ్ళు కాపీ, మెడికల్ ఫామ్ పట్టుకుని సాయంత్రం ఆరు దాటాక షాప్‌కి రండి, పొద్దున్నపూట నేను బీచ్‌లో ఉంటా, ఫోన్ ఎత్తను.